చేరిక, విడుదల, నిష్క్రమణ: జీవవిచ్ఛిన్న నానోవాహకాల చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

మందును రోగగ్రస్త భాగానికి మాత్రమే చేర్చాలన్న ఆశయం వందేళ్లకు పైబడినది. ఆ ఆశయం నుండి పుట్టిన నానోవాహకాల చరిత్రను సాధారణంగా 'గురి' మెరుగుపడిన కథగా చెప్పుకుంటూ వస్తున్నారు. ఈ వ్యాసం ఆ చరిత్రను మూడు ప్రశ్నల ఆధారంగా పునఃపరిశీలిస్తుంది. వాహకం లక్ష్యాన్ని చేరిందా? చేరి మందును విడిచిందా? పని ముగిశాక దేహం నుండి వెళ్లిపోయిందా? మొదటి రెండు ప్రశ్నలకు ఇమేజింగ్ పద్ధతులు, మూడవదానికి జీవవిచ్ఛిన్న పదార్థాల రసాయనశాస్త్రం సమాధానాలు వెదికాయి. ఈ రంగంలో నిలిచిన ప్రగతి ఈ మూడు ప్రశ్నలనూ ఎదుర్కొన్న చోటనే కలిగిందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నానోవాహకాలు, జీవవిచ్ఛిన్న పాలిమర్లు, లైపోజోములు, ఇమేజింగ్, ఫోలిక్ ఆమ్లం, ఎల్లాప్రగడ సుబ్బారావు, వైద్యశాస్త్ర చరిత్ర.

1. ఉపోద్ఘాతం

బాగా పనిచేసిన మందును రామబాణంతో పోల్చడం తెలుగువారికి అలవాటు. ఆ పోలికలో మనకు స్ఫురించేది గురితప్పని గుణం. కిష్కింధాకాండలో ఏడు సాలవృక్షాలను భేదించిన బాణానికి మరొక గుణం కూడా ఉంది. పని ముగిశాక అది తిరిగి అమ్ములపొదిలో చేరింది. పాశ్చాత్య వైద్యచరిత్రలో ఇదే ఆశయానికి పాల్ ఎర్లిఖ్ ఇచ్చిన ఉపమానం 'మాయాతూటా'. తూటాకు గురి ఉంటుంది గాని తిరుగు ప్రయాణం ఉండదు. ఈ రెండు ఉపమానాల నడుమ ఉన్న తేడా నానోవైద్య చరిత్రను అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది.

నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు. మానవ ఎర్ర రక్తకణం వ్యాసం సుమారు 7,000 నానోమీటర్లు. మందును తనలో ఇముడ్చుకొని రక్తప్రవాహంలో ప్రయాణించే వాహకాలు సాధారణంగా కొన్ని పదుల నుండి కొన్ని వందల నానోమీటర్ల పరిమాణంలో ఉంటాయి. వీటిలో దేహంలోని నీటి వల్లనో, ఎంజైముల వల్లనో చిన్న అణువులుగా విడిపోయి, జీవక్రియలో కలిసిపోయేవి లేదా విసర్జితమయ్యేవి జీవవిచ్ఛిన్న వాహకాలు. వాటి ప్రయాణాన్ని ఎక్స్-రే, ఎమ్.ఆర్.ఐ., పెట్ స్కానింగ్, ప్రతిదీప్తి వంటి పద్ధతులతో గమనిస్తూ చికిత్సను నిర్ణయించడమే ఇమేజింగ్ ఆధారిత ఔషధ ప్రసారం.

ఈ నిర్వచనంలో మూడు వేర్వేరు విద్యలు కలిసి ఉన్నాయి. గురిచూసే విద్య జీవరసాయనశాస్త్రానిది; కంటికి చూపే విద్య రేడియాలజీది; కరిగిపోయే విద్య పాలిమర్ రసాయనశాస్త్రానిది. ఇవి వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం పుట్టి, ఆలస్యంగా కలుసుకున్నాయి. ఆ కలయికను కాలక్రమంలో పరిశీలిద్దాం.

2. రంగు నుండి మందుకు: ఎర్లిఖ్ వారసత్వం

ఎర్లిఖ్ తొలి పరిశోధనలు మందుల గురించి కావు, రంగుల గురించి. పంతొమ్మిదో శతాబ్ది చివరలో జర్మనీ రంగుల పరిశ్రమ తయారుచేసిన కృత్రిమ వర్ణకాలతో ఆయన కణజాలాలకు రంగులద్ది సూక్ష్మదర్శినిలో పరిశీలించాడు. ఒక్కొక్క రంగు ఒక్కొక్క కణజాలాన్ని ఎంచుకొని పట్టుకోవడం గమనించాడు. మిథిలీన్ బ్లూ జీవించి ఉన్న నాడీతంతువులకు రంగునిస్తుంది. మలేరియా పరాన్నజీవికి కూడా రంగునిస్తుంది. ఒక పరాన్నజీవిని ఎంచుకొని పట్టుకోగల పదార్థం దానిని చంపలేదా అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. 1891లో పాల్ గుట్‌మన్‌తో కలిసి ఆయన మిథిలీన్ బ్లూను మలేరియా రోగులకు ఇచ్చాడు. ఆ తరువాత సహచిరో హటాతో కలిసి 1909లో సిఫిలిస్‌పై పనిచేసే ఆర్సెనిక్ సమ్మేళనాన్ని గుర్తించాడు. అది 1910లో సాల్వర్సాన్ పేరుతో వాడుకలోకి వచ్చింది.

ఈ క్రమంలో చరిత్రకారులు తగినంతగా పట్టించుకోని ఒక అంశం ఉంది. మిథిలీన్ బ్లూ విషయంలో చూడటం, చికిత్స చేయడం ఒకే పదార్థంతో జరిగాయి. గురి కుదిరిందనడానికి రంగే సాక్ష్యం. సాల్వర్సాన్ నాటికి ఆ సాక్ష్యం మాయమైంది. మందు ఎక్కడికి చేరిందో చూసే మార్గం లేదు. రోగికి నయమైతే చేరిందని ఊహించుకోవడమే. మాయాతూటా భావన చూపు నుండి పుట్టి, చూపును పోగొట్టుకొని ముందుకు సాగింది.

చూపు, చికిత్స తిరిగి కలిసిన తొలి సందర్భాలలో ముఖ్యమైనది థైరాయిడ్ గ్రంథికి సంబంధించినది. 1941లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో సాల్ హెర్ట్జ్ అతిథైరాయిడ్ వ్యాధికి రేడియోధార్మిక అయొడిన్‌తో చికిత్స ప్రారంభించాడు. 1946లో శామ్యూల్ సీడ్లిన్ బృందం థైరాయిడ్ క్యాన్సర్ వ్యాప్తి చెందిన రోగిలో అదే పదార్థం ఫలితాలను ప్రకటించింది. అయొడిన్ ఎక్కడ చేరిందో దాని రేడియోధార్మికతే చెప్పింది. అదే రేడియోధార్మికత వ్యాధికణాలను నశింపజేసింది. అయితే ఇక్కడ వాహకం అవసరం రాలేదు, ఎందుకంటే థైరాయిడ్ గ్రంథి అయొడిన్‌ను తానే లాక్కుంటుంది. ఇతర అవయవాలకు అటువంటి సహజ ఆకర్షణ లేదు. వాటికోసం వాహకాన్ని నిర్మించక తప్పలేదు.

3. వీడిపోని రేణువు: థోరోట్రాస్ట్ పాఠం

దేహంలోకి నానో పరిమాణపు రేణువులను పంపడం ఇటీవలి విషయమని చాలామంది భావిస్తారు. 1930 ప్రాంతంలోనే థోరోట్రాస్ట్ అనే ఎక్స్-రే కాంట్రాస్ట్ పదార్థం విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. అది థోరియం డయాక్సైడ్ అతిసూక్ష్మ రేణువులు ద్రవంలో తేలియాడే కొలాయిడ్. ఎక్స్-రేలను బలంగా అడ్డుకోవడం వల్ల రక్తనాళాల చిత్రాలు అంతకుముందెన్నడూ లేనంత స్పష్టంగా వచ్చేవి. మెదడు రక్తనాళాల చిత్రణకు మార్గదర్శకుడైన పోర్చుగీసు వైద్యుడు ఎగాస్ మోనిజ్ కూడా 1931 నుండి దీనిని ఉపయోగించాడు. తక్షణ దుష్ఫలితాలు కనిపించకపోవడంతో వైద్యులు దీనిని ఇష్టపడ్డారు.

ఈ రేణువులను కాలేయం, ప్లీహం, ఎముక మజ్జలలోని భక్షక కణాలు మింగివేశాయి. మింగినవాటిని కరిగించే శక్తి వాటికి లేదు. థోరియం-232 అర్ధాయుర్దాయం సుమారు 1,400 కోట్ల సంవత్సరాలు. రోగి జీవించినంత కాలం ఆ రేణువులు ఆల్ఫా కిరణాలను వెలువరిస్తూనే ఉన్నాయి. 1947లో థోరోట్రాస్ట్ పొందిన రోగిలో కాలేయ రక్తనాళపు క్యాన్సర్ నమోదైంది. 1950ల నాటికి ఈ పదార్థం వాడుక నుండి తొలగిపోయినా, జర్మనీ, పోర్చుగల్, డెన్మార్క్, జపాన్ దేశాల్లో జరిగిన దీర్ఘకాలిక అధ్యయనాలు దశాబ్దాల తరువాత కూడా కాలేయ క్యాన్సర్లు బయటపడటాన్ని నమోదు చేశాయి.

చక్కని చిత్రం ఇచ్చిన రేణువే రోగిలో వ్యాధికి బీజమైంది. నానోవైద్య చరిత్ర రాసేవారు థోరోట్రాస్ట్‌ను రేడియేషన్ భద్రతకు సంబంధించిన వేరే అధ్యాయంగా పక్కన పెట్టడం సరికాదు. నేటి నానోవాహకాలను మొదట అటకాయించేది కూడా అవే కాలేయ, ప్లీహ భక్షక కణాలు. నిష్క్రమణ ప్రశ్నను చరిత్ర అత్యంత కఠినంగా అడిగిన సందర్భం ఇది.

4. కుట్టుదారం నుండి వాహకానికి

నిష్క్రమణకు సమాధానం శస్త్రచికిత్స గది నుండి వచ్చింది. లోపలి గాయాలకు వేసిన కుట్లను తిరిగి విప్పే అవకాశం ఉండదు కనుక దేహంలో కరిగిపోయే దారం శస్త్రవైద్యులకు చిరకాల అవసరం. పశువుల పేగుల పొర నుండి తీసిన క్యాట్‌గట్ ఆ అవసరాన్ని చాలాకాలం తీర్చింది. కానీ అది ఎప్పుడు కరుగుతుందో రోగి దేహస్థితిని బట్టి మారేది. 1966లో ఆర్.కె. కులకర్ణి, సహపరిశోధకులు శస్త్రచికిత్సలో అమర్చే సాధనాలకు పాలిలాక్టిక్ ఆమ్లం అనువైనదని ప్రకటించారు. 1970 ప్రాంతంలో అమెరికన్ సయనమిడ్ సంస్థ పాలిగ్లైకోలిక్ ఆమ్లంతో చేసిన డెక్సాన్ అనే దారాన్ని విపణిలోకి తెచ్చింది. గ్లైకోలిక్, లాక్టిక్ ఆమ్లాలను కలిపి చేసిన విక్రిల్ దారం 1974లో వచ్చింది.

ఈ పదార్థాల రహస్యం ఎస్టర్ బంధంలో ఉంది. నీటి అణువు ఆ బంధాన్ని నెమ్మదిగా తెంచుతుంది. పొడవైన పాలిమర్ గొలుసు తెగి తెగి చివరకు లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలుగా మిగులుతుంది. ఇవి దేహానికి కొత్తవి కావు. జీవక్రియలో కలిసి కార్బన్ డయాక్సైడ్, నీరుగా మారతాయి. రెండు ఆమ్లాల నిష్పత్తిని మార్చి కరిగే వేగాన్ని నిర్ణయించవచ్చు. ఈ ఉమ్మడి పాలిమరే పి.ఎల్.జి.ఏ. పేరుతో ఔషధ ప్రసార రంగానికి మూలస్తంభమైంది.

దారం నుండి మందుపెట్టెకు మార్పు క్రమంగా జరిగింది. 1976లో రాబర్ట్ లాంగర్, జూడా ఫోక్‌మన్ ప్రోటీనుల వంటి పెద్ద అణువులను సైతం పాలిమర్ నుండి రోజుల తరబడి నెమ్మదిగా విడుదల చేయవచ్చని నిరూపించారు. వారు వాడిన పాలిమర్లు దేహంలో కరిగేవి కావు. విడుదల సమస్య తీరినా నిష్క్రమణ సమస్య మిగిలిందన్నమాట. 1979లో పాట్రిక్ కూవ్రూర్ బృందం శస్త్రచికిత్సల్లో జిగురుగా వాడే సయనోఅక్రిలేట్ కుటుంబపు పదార్థాలతో విచ్ఛిన్నమయ్యే నానోరేణువులను తయారుచేసింది. 1989లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. ప్రొస్టేట్ క్యాన్సర్ చికిత్సకు లూప్రాన్ డిపోను ఆమోదించింది. ఒక్క ఇంజెక్షన్ నెల రోజులపాటు మందును విడుదల చేసే ఈ సూక్ష్మగోళాలకు ఆధారం కుట్టుదారపు పాలిమరే. 1994లో రుక్సాండ్రా గ్రెఫ్, లాంగర్, సహపరిశోధకులు ఆ పాలిమర్‌తో చేసిన నానోగోళాల ఉపరితలానికి పెగ్ అనే నీటిని ఇష్టపడే పాలిమర్‌ను జోడించి, భక్షక కణాల నుండి కొంతకాలం తప్పించుకొని రక్తంలో ఎక్కువసేపు తిరిగే వాహకాలను ప్రకటించారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పెగ్ స్వయంగా దేహంలో సులభంగా విచ్ఛిన్నమయ్యే పదార్థం కాదు. చిన్న పెగ్ గొలుసులు మూత్రపిండాల ద్వారా బయటకు పోతాయి. 'జీవవిచ్ఛిన్నం' అన్న ఒక్క ముద్ర వాహకం మొత్తానికి వర్తించదని, ప్రతి భాగపు నిష్క్రమణ మార్గాన్ని విడిగా పరిశీలించాలని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

5. లైపోజోములు, కారే రక్తనాళాలు

పాలిమర్ ధార ఇలా సాగుతుండగా మరొక ధార కొవ్వుల అధ్యయనం నుండి పుట్టింది. కేంబ్రిడ్జి సమీపంలోని బాబ్రహాంలో అలెక్ బ్యాంగమ్ 1960ల ఆరంభంలో ఫాస్ఫోలిపిడ్లను నీటిలో కలిపినప్పుడు అవి తమంతట తాము పొరలుపొరలుగా మూసుకొని సూక్ష్మ సంచులుగా ఏర్పడటాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశాడు. జీవకణ పొరలు కూడా ఇదే జాతి కొవ్వులతో నిర్మితమైనవి. కనుక ఈ సంచులు పుట్టుకతోనే జీవవిచ్ఛిన్నాలు. 1970ల ఆరంభంలో గ్రెగరీ గ్రెగోరియాడిస్ వీటిలో ఎంజైములను, మందులను నింపి వాహకాలుగా వాడే మార్గాన్ని తెరిచాడు.

1986లో కుమమొటో విశ్వవిద్యాలయానికి చెందిన యసుహిరో మట్సుమురా, హిరోషి మయేడా ప్రకటించిన పరిశీలన ఈ రంగానికి సిద్ధాంతబలం ఇచ్చింది. కణితిలో హడావుడిగా పెరిగిన రక్తనాళాల గోడలు వదులుగా ఉంటాయి. శోషరస నాళాలు సరిగా ఉండవు. ఫలితంగా పెద్ద అణువులు అక్కడ కారి, నిలిచిపోతాయి. గురి లేకుండానే పరిమాణం చేత చేరిక సాధ్యమన్నమాట. మయేడా రూపొందించిన స్మాంక్స్ అనే ప్రోటీన్-పాలిమర్ సంయోగానికి 1993లో జపాన్‌లో కాలేయ క్యాన్సర్ చికిత్సకు ఆమోదం లభించింది. దానిని లిపియడాల్ అనే అయొడిన్ కలిసిన నూనెలో కలిపి కాలేయ ధమని ద్వారా ఇచ్చేవారు. ఆ నూనె ఎక్స్-రేలకు కనిపిస్తుంది కనుక మందు కణితిలో ఎక్కడ నిలిచిందో వైద్యుడు సి.టి. చిత్రంలో చూడగలిగేవాడు. ఇమేజింగ్ ఆధారిత ఔషధ ప్రసారానికి ఆచరణలో ఇది తొలితరం ఉదాహరణ.

1995లో ఎఫ్.డి.ఏ. ఆమోదం పొందిన డాక్సిల్‌తో లైపోజోముల ధార వైద్యశాలలకు చేరింది. జెరూసలేముకు చెందిన యెహెజ్కెల్ బారెన్‌హోల్జ్, ఆల్బెర్టో గాబిజోన్ దీని రూపకల్పనలో ముఖ్యులు. పెగ్ తొడిగిన సుమారు 100 నానోమీటర్ల లైపోజోములో డాక్సోరూబిసిన్‌ను బంధించడం వల్ల ఆ మందు గుండె కండరానికి చేసే హాని తగ్గింది. అయితే ఇదే తరహాలో సిస్‌ప్లాటిన్‌ను బంధించిన ఎస్.పి.ఐ.-77 అనే ప్రయోగం విఫలమైంది. లైపోజోములు ప్రసరణలో చాలాసేపు నిలిచినా అందులోని మందు తగినంతగా బయటపడలేదు. చేరిక మాత్రమే చికిత్స కాదని, విడుదల స్వతంత్రమైన ప్రశ్న అని ఇది స్పష్టం చేసింది.

6. భీమవరం నుండి ఫోలేట్ గురి వరకు

లైపోజోములు, పాలిమర్ రేణువులు ఎక్కడికి వెళ్లాలో తెలియజేసే సంకేతాలలో ఎక్కువగా అధ్యయనం జరిగినవాటిలో ఫోలిక్ ఆమ్లం ఒకటి. ఈ అణువు చరిత్ర తెలుగు పాఠకులకు సన్నిహితమైనది. 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికా చేరి, ఫిస్క్‌తో కలిసి ఏ.టి.పి. అధ్యయనంలో చిరస్థాయి కృషి చేసి, తరువాత లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనా సంచాలకుడయ్యాడు. సోదరుణ్ణి స్ప్రూ వ్యాధికి కోల్పోయిన ఆయన, ఆ వ్యాధిలో ఉపకరించే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసే కృషికి 1940ల మధ్యలో నాయకత్వం వహించాడు. ఆ కృషి నుండే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి.

1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ తీవ్రమైన ల్యుకేమియాతో బాధపడుతున్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, 10 మందిలో తాత్కాలిక ఉపశమనం కలిగిందని ప్రకటించాడు. అంతవరకు ఆశలేని వ్యాధికి అది తొలి ఆశ. కానీ ఆ మందు వేగంగా విభజన చెందే ప్రతి జీవకణాన్నీ దెబ్బతీసేది. నోటి పొర, పేగులు, ఎముక మజ్జ దాని ప్రభావానికి గురయ్యాయి. రోగకణానికి మాత్రమే మందు చేరాలన్న కోరిక ఎంత న్యాయమైనదో ఆ పిల్లల వేదనను బట్టి గ్రహించవచ్చు.

సుబ్బారావు అదే 1948లో మరణించాడు. నాలుగు దశాబ్దాల తరువాత ఫోలిక్ ఆమ్లం కొత్త పాత్రలో తిరిగి వచ్చింది. అండాశయ క్యాన్సర్లు చాలావాటిలో జీవకణాల ఉపరితలంపై ఫోలేట్ గ్రాహకాలు అధికంగా ఉంటాయి. 1991లో క్రిస్టఫర్ లీమన్, ఫిలిప్ లో ఫోలిక్ ఆమ్లాన్ని జోడించిన పెద్ద అణువులను జీవకణాలు ఆ గ్రాహకాల ద్వారా లోపలికి తీసుకుంటాయని నిరూపించారు. ఆ తరువాత లైపోజోములకు, పాలిమర్ నానోరేణువులకు ఫోలిక్ ఆమ్లాన్ని అతికించే ప్రయత్నాలు వెల్లువెత్తాయి. ఒకనాడు అడ్డుకోవలసిన పోషకం మరొకనాడు తలుపు తెరిచే తాళంచెవి అయింది. ఈ వాహకాలలో చాలావాటికి ఆధారమైన పాలిగ్లైకోలిక్ జాతి పాలిమర్‌ను కుట్టుదారంగా విపణికి తెచ్చిన అమెరికన్ సయనమిడ్ సంస్థలోనే లెడర్లీ కూడా ఒక విభాగం. గురి, కరుగుదల అనే రెండు ధారలు ఒకే సంస్థ గోడల మధ్య రెండు దశాబ్దాల తేడాతో ఒకదానినొకటి ఎరుగకుండా సాగడం చరిత్రలోని విచిత్రం.

ఫోలేట్ గురి చికిత్స కంటే ముందుగా చూపులో విజయం సాధించింది. 2011లో నెదర్లాండ్స్‌కు చెందిన గూయిట్జెన్ వాన్ డామ్ బృందం ఫోలేట్‌కు ప్రతిదీప్తి వర్ణకాన్ని జోడించి, 10 మంది రోగుల అండాశయ శస్త్రచికిత్సలో కణితులు వెలుగుతూ కనిపించేలా చేసింది. 2021 నవంబరులో పాఫోలాసయనిన్ అనే ఫోలేట్ వర్ణకానికి ఎఫ్.డి.ఏ. ఆమోదం లభించింది. కాగా వింటాఫోలైడ్ అనే ఫోలేట్-ఔషధ సంయోగంపై జరిగిన పెద్ద ప్రయోగం, రోగులను ముందుగా స్కానింగుతో ఎంపిక చేసినప్పటికీ, ఆశించిన ప్రయోజనం కనిపించక 2014లో ఆగిపోయింది. మూత్రపిండాల్లోనూ ఫోలేట్ గ్రాహకాలుండటం వల్ల అవి కూడా ఈ చిత్రాలలో కనిపిస్తాయి. ఏ తాళంచెవీ ఒకే తలుపును తెరవదని ఆ చిత్రాలే చెబుతున్నాయి.

7. సాక్షిగా ఇమేజింగ్

ఇమేజింగ్‌ను నానోవైద్యానికి అదనపు హంగుగా భావించేవారు ఈ రంగపు చరిత్రను మరింత శ్రద్ధగా చదవాలి. సిద్ధాంతం చెప్పిన దానికీ, మానవదేహంలో జరిగిన దానికీ మధ్య దూరాన్ని కొలిచింది ఇమేజింగే.

2001లో లండన్‌లో కెవిన్ హారింగ్టన్ బృందం ఇండియం-111 అనే రేడియోధార్మిక ఐసోటోపును పెగ్ తొడిగిన లైపోజోములలో నింపి 17 మంది క్యాన్సర్ రోగులలో వాటి ప్రయాణాన్ని చిత్రించింది. 15 మంది చిత్రాలలో కణితి కనిపించింది. అయితే కిలో కణజాలానికి చేరిన మోతాదు సగటున తల, మెడ కణితులలో 33.0 శాతం కాగా, ఊపిరితిత్తులలో 18.3, రొమ్ము కణితులలో 5.3 శాతం మాత్రమే. జంతువుల కణితులలో దాదాపు నియమంగా కనిపించిన చేరిక మనుషులలో అవయవాన్ని బట్టి, వ్యక్తిని బట్టి మారుతోంది.

2016లో టొరంటోకు చెందిన వారెన్ చాన్ బృందం గడచిన పదేళ్ల పరిశోధనా సాహిత్యాన్ని క్రోడీకరించి, ఇంజెక్షన్ ద్వారా ఇచ్చిన నానోరేణువులలో ఘనకణితిని చేరేది మధ్యస్థంగా 0.7 శాతమేనని తేల్చింది. అదే ఏడాది చివర హెర్-2 గ్రాహకాన్ని గురిపెట్టిన ఎమ్.ఎమ్.-302 అనే డాక్సోరూబిసిన్ లైపోజోముపై జరుగుతున్న రొమ్ము క్యాన్సర్ ప్రయోగం ఫలించదని తేలి నిలిచిపోయింది. 2017లో ప్రచురితమైన పెట్ అధ్యయనం దీనికి ఒక వివరణ సూచించింది. అదే లైపోజోముకు రాగి-64 జోడించి 19 మంది రోగులను పరిశీలించినప్పుడు, చేరిక రోగి నుండి రోగికే కాక ఒకే రోగిలో కణితి నుండి కణితికి కూడా చాలా తేడాగా ఉంది. ఎక్కువ చేరిక ఉన్నవారిలో ఫలితం మెరుగ్గా ఉండే ధోరణి కనిపించింది.

ఈ వాస్తవాలను నానోవైద్యపు ఓటమిగా చదవడం తొందరపాటు. అందరినీ కలిపి సగటు లెక్క వేసినప్పుడు విఫలమైన చికిత్స, తగిన రోగులను ముందే గుర్తిస్తే ఉపకరించవచ్చునన్న ఆలోచన ఇక్కడి నుండి బలపడింది. రక్తహీనత చికిత్సకు 2009లో ఆమోదం పొందిన ఫెరుమోక్సిటాల్ అనే ఐరన్ ఆక్సైడ్ నానోరేణువును ఎమ్.ఆర్.ఐ.లో ముందుగా పంపి, కణితి నానోరేణువులను ఎంతగా స్వీకరిస్తుందో అంచనా వేసే అధ్యయనం 2017లోనే వెలువడింది. ఇక్కడ నిష్క్రమణ ప్రశ్నకూ సమాధానముంది. ఆ రేణువులోని ఇనుము క్రమంగా దేహపు ఇనుము నిల్వల్లో కలిసిపోతుంది.

విడుదల ప్రశ్నను ఇమేజింగ్ ఎదుర్కొన్న ఉదాహరణ ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. వేడి తగిలితే కరిగి మందును విడిచే లైపోజోముల ఆలోచన 1978లో మిల్టన్ యాట్విన్ బృందం ప్రతిపాదించినది. 2018లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 10 మంది రోగుల కాలేయ కణితులపై శరీరం వెలుపలి నుండి కేంద్రీకృత అల్ట్రాసౌండుతో స్వల్పంగా వేడి కలిగించి, అటువంటి లైపోజోముల నుండి డాక్సోరూబిసిన్‌ను విడుదల చేయించారు. వేడికి ముందు, తరువాత తీసిన కణజాల నమూనాలలో మందు గాఢత సగటున 3.7 రెట్లు పెరిగింది. వాహకం గురిని వెదకలేదు. వైద్యుడు చిత్రాన్ని చూసి తావును నిర్ణయించాడు.

8. మూడు గుణాలు ఒకే రేణువులో

చేరిక, చూపు, నిష్క్రమణ ఒకే రేణువులో కలిసిన ప్రయత్నాలకు క్వాంటమ్ డాట్లు నేపథ్యం. 1998లో వారెన్ చాన్, షుమింగ్ నీ, మరొక ప్రక్క పాల్ అలివిసాటోస్ బృందం ఈ ప్రకాశించే అర్ధవాహక రేణువులను జీవశాస్త్రంలో వాడవచ్చని చూపారు. వాటి వెలుగు అద్భుతం, కానీ వాటిలో కాడ్మియం ఉంది. 2004లో ఆస్టిన్ డెర్ఫస్, వారెన్ చాన్, సంగీతా భాటియా కొన్ని పరిస్థితుల్లో ఆ రేణువుల నుండి కాడ్మియం అయాన్లు విడుదలై జీవకణాలను చంపుతాయని ప్రకటించారు. తాను ప్రవేశపెట్టిన పదార్థపు లోపాన్ని పరీక్షించిన బృందంలో చాన్ తానే ఉండటం, పన్నెండేళ్ల తరువాత 0.7 శాతం లెక్కను వెలువరించినదీ ఆయన బృందమే కావడం శాస్త్రరంగంలో ఆత్మపరీక్షకు మంచి నిదర్శనం.

సంగీతా భాటియా, మైకేల్ సెయిలర్, జి-హో పార్క్ తదితరులు 2009లో ప్రకటించిన సచ్ఛిద్ర సిలికాన్ నానోరేణువులు ఆ లోపానికి సమాధానంగా వచ్చాయి. అవి తమంతట తాము ప్రకాశిస్తాయి. రంధ్రాలలో డాక్సోరూబిసిన్‌ను మోస్తాయి. దేహంలో సిలిసిక్ ఆమ్లంగా కరిగి మూత్రపిండాల ద్వారా బయటకు పోతాయి. ఎలుకలలో కణితిని వాటి వెలుగుతో గుర్తించగలిగారు. నాలుగు వారాలలో అవి దేహం నుండి దాదాపు తొలగిపోయాయి. థోరోట్రాస్ట్‌కూ ఈ రేణువుకూ మధ్య ఎనభై ఏళ్ల దూరం. మొదటిది చిత్రం ఇచ్చి ఉండిపోయింది. రెండవది చిత్రం ఇచ్చి వెళ్లిపోయింది. ఎలుక నుండి మనిషి వరకు ఉన్న దూరం వేరు. దానిని దాటడానికి 2001, 2016 నాటి పాఠాలు గుర్తుండాలి.

9. ఎస్టర్ బంధపు కొనసాగింపు

ఇటీవలి దశలో అత్యధిక సంఖ్యలో మనుషులకు చేరిన నానోవాహకాలు క్యాన్సర్ మందులు కావు. 2018లో ఆమోదం పొందిన పాటిసిరాన్ అనే ఆర్.ఎన్.ఏ. మందు కొవ్వు నానోరేణువులలో కాలేయానికి చేరుతుంది. మునుపు వాహకాలను అటకాయించిన అవయవం ఇక్కడ గమ్యమైంది. 2020 చివర వచ్చిన కోవిడ్ ఎమ్.ఆర్.ఎన్.ఏ. టీకాలలోని ప్రధాన కొవ్వు అణువులలో ఎస్టర్ బంధాలను ఉద్దేశపూర్వకంగా చేర్చారు. పని ముగిశాక ఆ కొవ్వు త్వరగా విచ్ఛిన్నం కావడానికే ఆ ఏర్పాటు. 1970 నాటి కుట్టుదారాన్ని కరిగించిన బంధమే రూపం మార్చుకొని టీకా బిందువులోనూ ఉందన్నమాట.

నియంత్రణ వ్యవస్థలు కూడా ఈ అంశాన్ని గుర్తించాయి. 2019లో భారత ప్రభుత్వ జీవసాంకేతిక విభాగం, భారత వైద్య పరిశోధన మండలి, కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ కలిసి విడుదల చేసిన నానో ఔషధాల మార్గదర్శకాలు వాహక పదార్థం విచ్ఛిన్నమయ్యేదా, కాదా అన్నదానిని వర్గీకరణకు ఒక ప్రాతిపదికగా తీసుకున్నాయి. ఫార్మసీ, జీవసాంకేతిక పరిశోధనలు విస్తరిస్తున్న మన విశ్వవిద్యాలయాలలో నానోవాహకాలపై వెలువడే సిద్ధాంత గ్రంథాలు కణితిలో చేరికను చూపే పట్టికతో ఆగిపోకూడదు. మందు విడుదలైందనడానికి ఆధారం, కాలేయ ప్లీహాలలో మిగిలినదాని లెక్క, వాహకంలోని ప్రతి భాగం బయటకు పోయే దారి కూడా వాటిలో ఉండటం అవసరం.

10. ఉపసంహారం

పైన పరిశీలించిన ఘట్టాలను బట్టి మూడు అంశాలు స్పష్టమవుతున్నాయి.

ఒకటి, గురి ఒక్కటే ఈ చరిత్రను నడిపించలేదు. ఫోలేట్, హెర్-2 వంటి గురులు ఎంత కచ్చితమైనవైనా, చేరికను కొలవని చోట ప్రయోగాలు అంధకారంలో సాగాయి. రెండు, ఇమేజింగ్ అసౌకర్యమైన నిజాలను బయటపెట్టిన సాక్షి. ఆ సాక్ష్యమే రోగుల ఎంపికకు, బాహ్యశక్తితో విడుదల చేయించే పద్ధతులకు దారితీసింది. మూడు, జీవవిచ్ఛిన్న గుణం పర్యావరణ పరిభాష నుండి అరువు తెచ్చుకున్న అలంకారం కాదు. థోరోట్రాస్ట్ పొందిన రోగులు చెల్లించిన మూల్యం దాని వెనుక ఉంది.

ఎర్లిఖ్ మిథిలీన్ బ్లూలో చూపు, చికిత్స కలిసి ఉన్నాయి. శతాబ్దం పాటు విడిపోయిన ఆ రెంటినీ తిరిగి కలిపేందుకు నేటి నానోవైద్యం కృషి చేస్తోంది. ఆయన ఉపమానంలో లేని మూడవ గుణం తిరుగు ప్రయాణం. మన సంప్రదాయంలోని బాణానికి ఆ గుణం ఉంది. నానోవాహకాన్ని అంచనా వేసే పరిశోధకుడు సాలవృక్షాలు కూలాయా అని మాత్రమే కాక, బాణం అమ్ములపొదికి చేరిందా అని కూడా అడగాలి.